దాచిన గడ్డి

జూలై 14, 2024
మా ఆయన గాజువాక నుంచి ఫోన్ చేశాడు. కొండవార మెట్టలో చెరకు ఎటూ రాదు, నీలగిరి తోటలు వేసేవాళ్లకి లీజుకిచ్చేద్దాం అన్నాడు. నీలగిరి వేస్తే ఆ భూమి మళ్లీ నా చేతికి రాదు. వచ్చే జూన్ దాకా ఆగమన్నాను. గొర్రెలతో బాగుచేస్తానంటే పడీ పడీ నవ్వాడు. నవ్వనీ. జూన్ అని ఒప్పుకున్నాడు, అదే చాలు.

జూలై 22
చోడవరం ట్రైనింగ్‌లో మేడమ్ చెప్పినట్టే మొదలుపెట్టాం. మామూలుగా గొర్రెల కాపరి పరదేశి తన మందని కొండవాలంతా వదిలేస్తాడు. గొర్రెలు లేతగా ఉన్నచోటే మళ్లీ మళ్లీ కొరికి, వేళ్లతో సహా లాగేస్తాయి. ఇప్పుడు వల కట్టి ఓ ముక్కలోనే మేపాలి, మర్నాడు పక్క ముక్కకి మార్చాలి. మేసిన ముక్కకి గడ్డి తిరిగి ఎదిగేదాకా సెలవు. ఏటమ్మా ఇది, గొర్రెలకి కూడా క్లాసు రూములేటి అన్నాడు పరదేశి. మాట్లాడకుండా కట్టమన్నాను. కట్టాడు పాపం.

మా అత్త అచ్చియ్యమ్మ గట్టు మీద కూర్చుని అంతా చూసింది. ఒకప్పుడు ఆ నేలలో రాళ్లు ఏరింది ఆవిడే.

సెప్టెంబర్ 8
వాన. ఇదివరకైతే ఎర్రనీళ్లు కాలవ కట్టి పోయేవి. ఇవాళ పెంటికలూ, తొక్కిన గడ్డీ పరుచుకుని ఉన్నాయి, వాటి కింద నీళ్లు ఇంకిపోయాయి. వేలు గుచ్చి చూశాను. లోపలిదాకా తడి! పరిగెత్తుకుని వచ్చి అత్తకి చెప్పాను. మంచిదేనే, ముందు టీ ఎట్టు అంది.

నవంబర్ 30
గడ్డి మోకాలెత్తు. ఫోటో పంపాను. మా ఆయన థంబ్ పెట్టాడు. అంతే.

జనవరి 19, 2025
పై సగంలోకి మందని రానివ్వడం లేదు. ఆ గడ్డి నిలబడే ఎండాలి. ఏప్రిల్, మే నెలల్లో గొర్రెలకి అదే తిండి, నేలకి అదే నీడ. ఏటా వేసవికి మందని దూరం తోలుకుపోయే పరదేశి, గడ్డుంటే నానెక్కడికెల్తానమ్మా అన్నాడు. నాకు సంతోషంగా ఉంది, భయంగానూ ఉంది.

మార్చి 23
ఎండ మండిపోతోంది. చుట్టూ అంతా బోడి. మా పై సగం మాత్రం ఒత్తుగా నిలబడి ఉంది. వీడియో పంపాను. సరేలే, లీజు మాట వదిలేద్దాం అన్నాడు మా ఆయన. మళ్లీ చెప్పమన్నాను. చెప్పాడు.

ఏప్రిల్ 10, మధ్యాహ్నం
కాలిపోయింది.

ఏప్రిల్ 10, సాయంత్రం ఆరు
వలకి తాడు కొనడానికి వడ్డాది వెళ్లాను. తిరిగి వస్తుంటే ఆటోలోంచే పొగ కనిపించింది. ఎవరో చెరకు చెత్త తగలబెడుతున్నారనుకున్నాను. దగ్గరికొస్తే మాది.

అగ్గిపెట్టె అత్త చేతిలో ఉంది. దాచుకోలేదు కూడా. మొహం వెలిగిపోతోంది. ఎండుది అలాగొదిలేస్తే లేతదెలాగొస్తాదే, నువ్వు మరిసిపోనావనుకున్నాను అంది. ఇక్కడ ఏటా ఎండల్లో కొండ కాలుస్తారు, తొలకరికి చిగురొస్తుందని. పుట్టినప్పటి నుంచీ ఆవిడ చూసింది అదే. నా కష్టం చూడలేక, నాకు సాయం చేసింది.

తిట్టాలని నోరు తెరిచాను. చీరంతా మసి, ఎండకి ఆయాసపడుతోంది. కుర్చీ వేసి కూర్చోబెట్టాను. లోపల మాత్రం చంపెయ్యాలన్నంత కోపంగా ఉంది, ఇక్కడైనా రాసుకుంటాను. ఒట్టి బోడి నేలైతే ఇంత మంట లేచేదే కాదు. అంత గడ్డి పెంచింది నేనే. వలలు కూడా కరిగిపోయాయి. కింది సగంలో ఉన్న మంద బతికింది.

ఏప్రిల్ 13
పరదేశి మందని తోలుకుని వెళ్లిపోయాడు. వానలకి వస్తావా అంటే, సూద్దాంలే అమ్మా అన్నాడు. నా వైపు చూడలేదు.

మే 18
గంటసేపు కుండపోత. బూడిదా, దాని కింది మట్టీ మొత్తం దిగి రోడ్డు మీదకొచ్చింది. బైకుల వాళ్లు మా పొలం మీద జారి పడుతున్నారు.

జూన్ 1
మా ఆయన ఫోన్ చేశాడు. లీజు మాట ఎత్తలేదు. నేనే ఎత్తాను. సంతకం ఎప్పుడో చెప్పమన్నాను.

జూన్ 29
నీలగిరి మొక్కలు నాటేశారు.
అత్తకి దూరం చూపు ఆనదు. అరుగు మీంచి నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కొండవారకి చూసింది. సూసేవేటే ఎంత పచ్చగొచ్చిందో, నాను సెప్పనేదా అంది.
అవునత్తా అన్నాను.