పప్పు ఉడకని నీళ్లు

1943 ఏప్రిల్ 26, సోమవారం

ఈస్టర్‌కైనా వస్తుందనుకున్నాను. రాలేదు. నరసరావుపేట నుంచి బొగ్గుతో నడిచే బస్సులో వచ్చిన మనిషి కబురు మాత్రం చెప్పిపోయాడు. మా అత్తగారు రాజమ్మ నా భార్య జ్ఞానమ్మను పంపదట. ఆ ఊరి నీళ్లు తాగి కొడుకు మంచాన పడ్డాడు, కూతురు కూడా పడాల్నా అన్నదట.

కొడుకంటే నా బామ్మర్ది ఇశ్రాయేలు. పోయిన వేసవిలో మా పెళ్లికొచ్చి నెల రోజులు ఇక్కడే ఉన్నాడు. రోజూ మా పాలెం దిగుడుబావిలో ఈత కొట్టి, దోసిళ్లతో ఆ నీళ్లే తాగాడు. ఏడాది తిరిగేసరికి పిక్క మీద నారికురుపు లేచింది. దారం లాంటి పురుగును పుల్లకు చుట్టి రోజూ కాస్త కాస్త లాగుతున్నారట. జ్ఞానమ్మ మార్చిలో తమ్ముణ్ణి చూడబోయింది. అంతే, అక్కడే ఆపేశారు.

అత్తగారిది తప్పని అనలేకపోతున్నాను. దానికే ఒళ్లు మండుతోంది.

ఏప్రిల్ 28, బుధవారం

గురజాల మిషన్ ఆసుపత్రికి వెళ్లాను. డాక్టరమ్మను ఒకటే ప్రశ్న అడిగాను. రోజూ తాగడానికి ఏ నీళ్లు మంచివండీ అని.

మనిషి కాలు పడని నీళ్లు మంచివంది. దిగుడుబావిలో నారి ఉన్నవాళ్లు మెట్లు దిగి కాళ్లు ముంచుతారు, రోగం నీళ్లలో కలుస్తుంది, ఆ నీళ్లు తాగినవాళ్లకి మళ్లీ ఏడాదికి పుండు లేస్తుంది. గుడ్డ మడతపెట్టి వడకడితే నయమే. జ్ఞానమ్మ అలాగే చేసేది, అందుకే మేం బతికిపోయాం. కానీ ఒక్కపూట మరిచిపోతే చాలంది. కాచుకుంటే అన్నిటికన్నా బెస్ట్ అంది. కాచడానికి కట్టెలు ఆవిడ పంపుతుందా?

ఇక మిగిలినవి. వాగు చెలమ తియ్యగా ఉంటుంది గానీ రెండు మైళ్లు, పైగా గొడ్లు తొక్కుతాయి. రైతుల బావి మంచిదే, దాని గిలక మా పాలెం వాళ్ల కోసం తిరగదు. చివరికి తేలింది నేను పాఠాలు చెప్పే స్కూల్ కాంపౌండ్‌లోని గిలక బావి. మిషన్ వాళ్లు తవ్వించారు. ఉప్పు. పలకలు కడగడానికి తప్ప ఎవరూ ముట్టరు.

ఇవాళ్టి నుంచి అవే తాగుతాను.

మే 1, శనివారం

తాగొచ్చు. ముక్కు మూసుకోవాలి.

పప్పే ఉడకడం లేదు. పొద్దున పొయ్యి మీద పెడితే మధ్యాహ్నానికి కూడా కందిపప్పు గులకరాళ్లలా అడుగున కూర్చుంది. మా వైపు నీళ్లకు పరీక్ష అదే కదా. పప్పు ఉడికితే మంచి నీళ్లు, ఉడక్కపోతే చెడ్డ నీళ్లు. పిల్లనిచ్చేవాళ్లు కూడా ముందు ఆ మాటే అడుగుతారు. డాక్టరమ్మ మంచివన్న నీళ్లు ఈ లెక్కన పనికిమాలినవి.

మే 3, సోమవారం

ఇవాళా ఉడకలేదు.

మే 5, బుధవారం

అత్తగారు శనివారం వస్తోంది. ఆ నీళ్ల సంగతేందో తనే చూసి, పిల్లను పంపేదీ లేందీ చెబుతుందట. ఆవిడ ఒకసారి కాదంటే ఇక దేవుడే దిగిరావాలి.

సంఘపెద్ద నెహెమ్యా తాత నా అవస్థ చూసి నవ్వాడు. ఏంది పంతులూ, తియ్యటి దిగుడుబావి ఉండగా నీకీ ఉప్పు కర్మ ఏంది, మా తాతలు తాగిన నీళ్లురా అవి అన్నాడు. అంటూనే కట్టు కట్టిన కాలు ఎత్తి అరుగు మీద పెట్టుకున్నాడు. నారికురుపు నీళ్ల వల్ల రాదట, ఒంట్లో వేడి చేస్తే వస్తుందట. ఆయనతో వాదించడం నా వల్ల కాదు.

కొట్లో సోడా ఉప్పు కొన్నాను. చిటికెడు వేస్తే ఎలాంటి పప్పయినా లొంగుతుందని కొట్టాయన చెప్పాడు.

మే 8, శనివారం, సాయంత్రం

అత్తగారు దిగింది. ఒళ్లో మట్టికుండ, మూతికి గుడ్డ కట్టి ఉంది. తాగే నీళ్లు నరసరావుపేట నుంచి మోసుకొచ్చింది. కుండక్కూడా సీటు కావాలా అని కండక్టర్ అడిగితే, నువ్వు లే నాయనా, అది కూచుంటది అందట.

మధ్యాహ్నం నేనే వండాను. తొందరలో సోడా ఉప్పు చిటికెడు పడాల్సింది గుప్పెడు పడింది. పప్పు ఉడికింది. ఉడికి నురగ కూడా వచ్చింది. అత్తగారు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని చానాసేపు నమిలింది. తర్వాత మెల్లగా, అయ్యా అల్లుడూ, ఈ గిన్నెలో ఇంతకుముందు గుడ్డలేమైనా ఉడకబెట్టావా అని అడిగింది.

ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. ఆవిడ పచ్చడేసుకుని అన్నం తినేసి, తన కుండలోంచి చెంబుడు నీళ్లు ముంచుకుని తాగింది. నా ప్రాణం ఉసూరుమంది. జ్ఞానమ్మ ఇక రాదు.

మే 9, ఆదివారం

రాయకుండా ఉండలేను.

గుడిలో నెహెమ్యా తాత ప్రార్థన ఎత్తుకున్నాడు. ఆయన మొదలుపెడితే ఆదాము దగ్గర్నుంచి వస్తాడు. అందరూ కళ్లు మూసుకున్నారు. నాకు మనసు నిలవక కళ్లు తెరిచాను. ఆడవాళ్ల వైపు ఇంకో రెండు కళ్లు తెరిచి ఉన్నాయి. అవి మా అత్తగారివి. మెడ సాచి, చాపల మీద కూర్చున్నవాళ్ల కాళ్లన్నీ వరసగా చూస్తోంది. ఎవరి పిక్కకు కట్టుందో, ఎవరి మడమకు ఆకు పసరుందో, ఒక్కటీ వదల్లేదు. మా ఇద్దరి చూపులూ కలిశాయి. సిగ్గుపడాల్సింది నేనేనని కళ్లతోనే చెప్పింది.

ఆరాధన అయ్యాక గుమ్మం మెట్టు మీద కూర్చుంది. కుంటుకుంటూ వచ్చిన ప్రతివాళ్లనూ ఆపి, ఏ నీళ్లు తాగుతావని అడిగింది. అందరిదీ ఒకటే మాట. దిగుడుబావి. కట్టు లేకుండా దుముకుతూ వచ్చినవాళ్లలో శేషారత్నం పిల్లలు ఉన్నారు. శేషారత్నం మా స్కూలు ఊడుస్తుంది, బడి వెనకే ఇల్లు. ఆమెనూ అడిగింది. దిగుడుబావి దాకా ఎవరు నడుస్తారమ్మా, నాకు బద్ధకం, బడి బావి ఉప్పునీళ్లే పిల్లలకూ పోస్తా అంది. అత్తగారు ఆ పిల్లల్ని గుడి చుట్టూ పరిగెత్తించింది. పాలెం అంతా నిలబడి చూసింది.

నెహెమ్యా తాత ఊరుకోలేదు. అవి మా తాతలు తాగిన నీళ్లమ్మా అన్నాడు. మీ తాత కూడా కుంటేవాడా పెద్దాయనా అని ఎంతో మర్యాదగా అడిగింది. తాత తన కాలి కట్టు సర్దుకుంటూ, కుంటేవాడే అన్నాడు.

మే 10, సోమవారం

పొద్దున్నే కుండలో మిగిలిన నరసరావుపేట నీళ్లు మా మునగ మొక్కకు పోసేసింది. నన్ను బడి బావి దగ్గరికి తీసుకెళ్లింది. చేదించి, ఆడవాళ్లందరూ చూస్తుండగా చెంబు ఎత్తి గటగటా తాగింది. మొహం అష్టవంకర్లు పోయింది. మూతి తుడుచుకుని, బానే ఉన్నయ్యే అంది. అత్తగారు అంత పెద్ద అబద్ధం ఆడగలదని నేననుకోలేదు.

తర్వాత తీర్పు చెప్పింది. పిల్లను పంపుతుంది. కందిపప్పు ఉడకకపోతే పెసరపప్పు తినండి, కాళ్లు బాగుంటే చాలంది. ఒకటే షరతు. జ్ఞానమ్మ దిగుడుబావి మెట్టు తొక్కకూడదు, నీళ్లు రోజూ నేనే చేదాలి. పంతులు కడవ మోస్తే ఊరంతా నవ్వుతుందండీ అన్నాను. నవ్వితే నవ్వనీ, వాళ్లు కుంటుకుంటా వచ్చి నవ్వాలగా అంది.

ఒప్పుకున్నాను. బస్సెక్కించి వచ్చేటప్పుడు దారంతా ఈల వేశాను.

మే 17, సోమవారం

నవ్వుతున్నారు. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు కడవలు తెచ్చుకుని మరీ బావి దగ్గర నిలబడి నవ్వుతున్నారు. నవ్వడం అయ్యాక నీళ్లు చేదుకుని వెళ్తున్నారు.

మే 20, గురువారం, మధ్యాహ్నం

జ్ఞానమ్మ వచ్చింది. బస్సు ప్రయాణానికి అలసి వసారాలో నిద్రపోతోంది. తల దగ్గర చెంబు ఖాళీ. లేచేలోపు నింపిపెట్టాలి.