కూలరు ఏ గదిలో ఉంది?

జుగ్సలాయి,
29 మే 2003, గురువారం.

నాన్నకు కల్యాణి నమస్కరించి రాస్తున్నది. నేనూ నాయనమ్మా ఈ పూటకి బాగానే ఉన్నాం. టెక్కలిలో అమ్మా, పిన్నీ, పిన్నికి పుట్టిన పాపా కులాసాగా ఉన్నారని సోమవారం కబురు అందింది. "ఈ పూటకి" అన్న మాట ఒకసారి కొట్టేసి మళ్ళీ రాశాను. అలా ఎందుకు రాశానో ఈ ఉత్తరం చివరికి నీకే తెలుస్తుంది.

నీ ఉత్తరం నిన్న వచ్చింది. బళ్ళారి సైటులో మెస్సు వంటవాడు మారాడనీ, ఇప్పుడు చారులో కాస్త పులుపు తగులుతోందనీ రాశావు. నాయనమ్మకి ఆ ముక్క రెండుసార్లు చదివించుకుని గానీ తృప్తి కలగలేదు. నువ్వు నాలుగు ప్రశ్నలు అడిగావు. మూడింటికి ముందు జవాబు రాస్తాను. నాలుగోదాని కోసమే అసలు ఈ కాగితాలు ముందేసుకున్నాను గానీ, పెన్ను అటు వెళ్ళడం లేదు.

వాన పడిందా అని అడిగావు. లేదు. తెలుగు సంఘం బీరువాలో దొరికిన పుస్తకాలు చదువుతున్నానని రాశాను కదా, వాటిలో ఎండకి ఎన్ని మాటలున్నాయో చూసి ఆశ్చర్యపోయాను. సెగ వేరు, కాక వేరు, ఉక్క వేరు. హిందీ మీడియంలో చదివినన్నాళ్ళూ నాకు "గర్మీ" ఒక్కటే తెలుసు. మన రెండు గదులూ గోడౌను మీద ఉన్నాయా, కింద నుంచి ఇనప సామాను కాక, పైన శ్లాబు సెగ. మధ్యలో ఉన్నది ఉక్క. ఉక్కలో మేం ఉంటున్నాం.

రెండోది, "ఆ కార్డేటి, దానికంత వేడెందుకు" అన్నావు. నాయనమ్మ దానికి బొమ్మల కార్డు అని పేరు పెట్టింది. అదే సరైన పేరు. కంప్యూటరు తెర మీద బొమ్మని నేను ఇటు తిప్పినా అటు తిప్పినా, ఏ అంచు ముందుకు రావాలి, వెలుగు ఎక్కడ పడాలి అన్న లెక్కలన్నీ అదే చేస్తుంది. అరచేతిలో పట్టే పలక. దాని నెత్తిన అల్యూమినియం రెక్కలు, ఆ రెక్కల మీద పూరీ అంత కూడా లేని ఫ్యాను. చలికాలంలో ఏ గొడవా లేదు. మన గదిలో గాలే కాలిపోతుంటే ఆ ఫ్యాను ఏం చేస్తుంది, వేడి గాలినే తీసి వేడి గాలినే కొడుతుంది. పావుగంటకి తెర మీద రంగురంగుల గీతలు పడతాయి. తర్వాత బొమ్మ బిగుసుకుపోతుంది. అప్పటిదాకా చేసిన పని పోతుంది.

ఈ కార్డు నాది కాదని నీకు తెలుసు. బొమ్మల సినిమాలు నేర్పే మా ఇన్‌స్టిట్యూట్‌లో సీనియర్ గౌరీశంకర్ తన మెషిన్‌లోంచి పీకి ఇచ్చాడు. నేను చెయ్యని ప్రయత్నం లేదు. డబ్బా పక్కరేకు తీసేశాను. పెయింటు బ్రష్షుతో దుమ్ము దులిపాను. ఫ్యాను ఇరుసుకి అమ్మ కుట్టుమిషను నూనె ఒక చుక్క వేశాను. రెక్కల కింద పూసే తెల్లటి పేస్టు గౌరీశంకర్ తెచ్చి మళ్ళీ పూశాడు. టేబుల్ ఫ్యాను ఎదురుగా పెడితే పావుగంట కాస్తా అరగంట అయ్యింది. కిటికీకి తడిదుప్పటి కడితే ఇంకో పది నిమిషాలు.

"అరే, గరమ్ హోతా హై తో బంద్ కర్ దో," వేడెక్కితే ఆపెయ్యి అన్నాడు గౌరీశంకర్. అతనికేం, అతని సినిమా పూర్తయిపోయింది.

మూడోది ఆ సినిమా సంగతే. మూడు నిమిషాల బొమ్మల సినిమా సోమవారం నాటికి ఇన్‌స్టిట్యూట్‌లో ఇవ్వాలి. నచ్చిన ఒక్కరిని అక్కడే పనిలోకి తీసుకుంటారు. నేను ఎంచుకున్నది నీ పని, నాన్నా. ఫర్నేసు గోడలోకి చల్లని నీళ్ళు వెళ్ళడం, మంట చుట్టూ తిరగడం, వేడిని మోసుకుని బయటికి రావడం. నీలం రంగులో వెళ్ళి ఎర్రగా తిరిగొస్తాయి. ఇప్పటికి రెండు నిమిషాల సినిమా అయ్యింది. చూస్తే నువ్వు గుర్తుపడతావు.

చిన్నప్పుడు ప్లాంటు చూపించడానికి తీసుకెళ్ళిన రోజు నువ్వన్న మాట దాంట్లో పెట్టాలనుకున్నాను. "ఒలే గుంటా, లోపల ఎంత కాలతన్నాదో కంటికి కనబడదు. తిరిగొచ్చిన నీళ్ళ మీద సెయ్యెట్టు, అదే సెప్తాది." నేను కార్డుని అలాగే చూసుకున్నాను. డబ్బా వెనక నుంచి వచ్చే గాలికి పది నిమిషాలకోసారి అరచెయ్యి అడ్డం పెట్టేదాన్ని. గోరువెచ్చగా ఉంటే పని చేసుకునేదాన్ని. కాలితే ఆపేసేదాన్ని. నోటు పుస్తకంలో టైము కూడా రాసుకున్నాను.

ఇప్పుడు నీ నాలుగో ప్రశ్న. "కూలరు ఏ గదిలో పెట్టారు?" అని అడిగావు.

పద్దెనిమిదో తారీకు ఆదివారం దాకా లోపలి గదిలో, నాయనమ్మ మంచం పక్కనే ఉంది. ఆ రోజు ముందు గదిలోకి ఈడ్చుకొచ్చి కంప్యూటరుకి ఎదురుగా పెట్టాను. తెరిచిన డబ్బాలోకి నేరుగా కొడితే తడి తగులుతుందని రెండు అడుగుల దూరంలో, కాస్త పక్కకి తిప్పి పెట్టాను. అంత జాగ్రత్తగా పెట్టాను. నాలుగు గంటలు ఆగకుండా నడిచింది, నాన్నా! ఒక్క గీత పడలేదు. ఎగిరి గంతేశాను.

నాయనమ్మని అడిగాను. అడగలేదని అనుకోకు.

"మామ్మా, నీకు ఉక్కగా లేదు కదా?"

"నాకేటి ఉక్క? ఇలాటి ఎండలెన్ని సూణ్ణేదు నాను! ఆ గాలికి మోకాళ్ళు లాగేత్తన్నాయి కూడాను. నీ పని సేసుకో, పో."

నాకు కావలసిన జవాబు అది. రెండోసారి అడగలేదు.

నాన్నా, ఇక్కడ అరగంట లేచి తిరిగాను. నీళ్ళు తాగాను. రోడ్డు మీద లారీలు లెక్కపెట్టాను. మళ్ళీ కూర్చున్నాను.

కూలరు ఈడ్చుకురావడం ఒక్కటే అయితే ఇంత తిరగక్కర్లేదు. చల్లగాలి లోపలి గదిలోకి పోతోందని, రెండో రోజు నుంచి నడిమి తలుపు వేసేశాను. లోపలి గదికి కిటికీ ఒక్కటే అనీ, అది గోడౌను రేకుల వైపు ఉందనీ నాకు తెలుసు. తెలిసే వేశాను. గంటకోసారి మజ్జిగ ఇమ్మని అమ్మ మరీ మరీ చెప్పి వెళ్ళింది. పొద్దున ఒక గ్లాసు, సాయంత్రం ఒక గ్లాసు ఇచ్చాను.

ఇరవై రెండు, గురువారం, మధ్యాహ్నం రెండు. నీళ్ళు ఎర్రబడి బయటికొచ్చే చోటు చేస్తున్నాను. లోపల స్టీలు గ్లాసు పడి దొర్లిన చప్పుడు వినిపించింది. బాగానే వినిపించింది. పిల్లి అనుకున్నాను. అనుకోవడం కాదు, పిల్లి అయితే బాగుండునని కోరుకున్నాను. బొమ్మ సగం తిరిగి ఉంది, ఆపితే మళ్ళీ మొదటికొస్తుంది. పది నిమిషాలు పూర్తి చేసి, వెనక గాలికి అరచెయ్యి పెట్టి చూసి, అప్పుడు లేచాను.

తలుపు తీస్తే సెగ మొహానికి కొట్టింది. నాయనమ్మ కుండ దగ్గర నేల మీద ఉంది. ఒళ్ళు పెనంలా కాలుతోంది, చెమట చుక్క లేదు. పిలిస్తే పలకలేదు. పక్కవాటా సూర్యకాంతం అత్త నా అరుపుకి పరుగెత్తుకొచ్చింది. ఇద్దరం నీళ్ళు కుమ్మరించి, తడిచీర చుట్టి ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్ళాం. మూడు సెలైన్లు ఎక్కాయి. ఇంకాస్త ఆలస్యమైతే చెప్పలేకపోయేవాణ్ణని డాక్టరు అన్నాడు. ఆ "ఇంకాస్త"లో నా పది నిమిషాలు ఎన్నోవంతు అని ఆయన్ని అడగాలనుకున్నాను.

సాయంత్రానికి కళ్ళు తెరిచింది. అత్త నా మీద విరుచుకుపడింది. "ముసిలిదాన్ని పొయ్యిలో ఎట్టి, ఆ డబ్బాకి గాలేత్తన్నావేటే? నీకు మనిషి పుటకేనా!"

నాయనమ్మ గొంతు పెగలకపోయినా అడ్డం పడింది. "దాన్నేటీ అనకు, సూర్యకాంతం. కూలరు నానే తీయించీసినాను. తలుపు కూడా నానే ఎయ్యమన్నాను." తర్వాత నా చెయ్యి పట్టుకుని, "మీ నాన్నకి రాయకు. ఆడసలే పని ఇడిసిపెట్టి వచ్చెత్తాడు. మీ అమ్మకీ సెప్పకు," అంది.

తలుపు వెయ్యమని ఆమె చెప్పలేదు, నాన్నా. నా కోసం అబద్ధం ఆడింది. ఆ మర్నాడే ఆస్పత్రి గేటు దగ్గర పోస్టుడబ్బాలో నీకు ఉత్తరం కార్డు వేశాను. "అందరం క్షేమం" అని రాశాను. ఈ పాటికి నీకు అంది ఉంటుంది. దాన్ని నమ్మకు. తెలుగు మాటలు నేర్చుకున్నానని ఇంత మురిసిపోయి, వాటిలో రెంటిని నీకు అలా పంపాను.

శనివారం ఇంటికి తెచ్చాం. కూలరు మళ్ళీ మంచం పక్కకి చేరింది. కంప్యూటరు ఏడు రోజులుగా ముట్టుకోలేదు. రోజూ పదిసార్లు నాయనమ్మ నుదుటి మీద అరచెయ్యి పెడుతున్నాను. నిద్రలో ఉన్నా పెడుతున్నాను. విసుక్కుంటోంది. ఎక్కడ కూర్చున్నా గ్లాసు పడ్డట్టే ఉంటోంది, లేచి వెళ్తున్నాను.

నీకు రాసే ప్రతి ఉత్తరమూ పోస్టు చేసేముందు నాయనమ్మకి చదివి వినిపించి, కింద ఆమె వేలిముద్ర వేయించడం మనింటి అలవాటు కదా. ఇది చదవకుండా పంపేద్దామనుకున్నాను. మళ్ళీ తలుపు వేసినట్టే అనిపించింది. ఇక్కడిదాకా రాసి ఆపి, ఇందాక మంచం పక్కన కూర్చుని మొత్తం చదివాను. తలుపు దగ్గరా, గ్లాసు దగ్గరా ఆగి ఆగి చదివాను.

నాయనమ్మ మంచం మీద లేచి కూర్చుంది. తర్వాత అంది: "పిల్లి కాదే. కేకేద్దామంటే గొంతు రాలేదు. నీకు ఇనబడాలని గళాసు తోసీసినాను."

నాన్నా, ఆ మాట నీకు రాయకుండా ఉండలేను. ఇంకేమీ రాయలేను.

నా తల మీద చెయ్యేసి ఉంచింది. కాసేపటికి, "ఏడుపు ఆపు. రాసీసావు కదా, అదీ రాసీ. ఆడు తిడితే తిట్నీ. మరి సోమారానికి ఆ సినిమా?" అంది. చెయ్యనన్నాను. "మీ నాన్న పని సగంలో ఒగ్గేత్తావేటే? ఆ డబ్బా ఈ గదిలోకి అట్టుకురా. ఒక్క గాలి ఇద్దరికీ సాల్తాది. దానికి జొరమొచ్చినా నానే సూసి సెప్తాను. ముందు నా మజ్జిగ ఇయ్యి."

మజ్జిగ ఇచ్చి వచ్చి ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను. నువ్వు తిట్టే తిట్లు ఫోనులో కాకుండా ఉత్తరంలోనే రాయి. దాచుకుంటాను. నడిమి తలుపు రెక్క ఊడదీసి గోడకి ఆనించాను. నువ్వు వచ్చాక బిగిద్దువు గాని.

ఇట్లు,
నీ కూతురు
కల్యాణి

కింద ఉన్నది నాయనమ్మ వేలిముద్ర. మజ్జిగ గ్లాసు పట్టుకున్న చెయ్యి కాబట్టి సిరా కొంచెం చెదిరింది.