కుచ్చోనికి సాంబ్రాణి పడదు

జూలై 25, శుక్రవారం
శ్రావణం మొదటి శుక్రవారం. అత్త సాంబ్రాణి ధూపం ఇల్లంతా చూపించి, చివర్లో మా పెంపుడు పిట్ట కుచ్చోని పంజరం చుట్టూ మూడుసార్లు తిప్పింది. పక్కింటావిడ నిన్న "మీ పిట్ట ఎంత బాగా ఈలేస్తాదో" అన్నదట. ఇంకేం, దిష్టి! కుచ్చోడు తుమ్మాడు. "చూస్తివా, దిష్టి పోతాండాది" అంది అత్త.

జూలై 27, ఆదివారం
పూజగంట మోగితే చాలు, కుచ్చోడు తలమీద కుచ్చు లేపి తిరుగు ఈల వేసేవాడు. రెండు రోజులుగా లేదు. ఈకలు ఉబ్బించుకుని మూల కూచున్నాడు. ఊపిరి తీస్తే తోక కూడా ఊగుతోంది. ఆయన మాత్రం — "ముసురు గదా, వానికీ బద్ధకం." బద్ధకం ఎవరికో నాకు తెలుసు.

జూలై 28, సోమవారం
పశువుల ఆసుపత్రి. ఎనుముల మధ్య ఒళ్లో పంజరంతో నేను. డాక్టరు మందు రాయకముందే అడిగాడు — "ఇంట్లో రూమ్ ఫ్రెషనర్ ఉండాదా?" ఉంది. "సెంటు కొవ్వొత్తులు?" ఉన్నాయి. "సాంబ్రాణి?" ...తల దించుకున్నా.
"పిట్ట ఊపిరి మన మాదిరి గాదమ్మా. మీకు సువాసన, దానికి విషం. ముందు మంచి గాలి ఇయ్యండి, మందు తర్వాత."

జూలై 29
హాల్లో ప్లగ్గుకు పెట్టిన ఫ్రెషనర్ పీకేశా. ఆడబిడ్డ రమణి ధర్మవరం నుంచి తెచ్చిన గులాబీ కొవ్వొత్తులు సంచిలో కట్టి అటక మీదికి. సాయంత్రం ఆయన అంగడి నుంచి వచ్చి ముక్కు ఎగబీల్చాడు — "ఏమే, ఇల్లు ఇల్లు మాదిరే వాసనొస్తాండాది?"
అదే కదా కావాల్సింది! రెండు గెలిచా. మూడోది అత్త. పెనుకొండలో పుట్టిన మనిషి, ఆ ఊరి కోటంత గట్టిది.

జూలై 30
అత్తకు చెప్పి చూశా. "సాంబ్రాణి సెంటా? దేవుని పొగ! ఎనుముల డాక్టరుకు దిష్టి సంగతేం తెలుసు?"
కోపమూ తెచ్చుకోలేను. రోజూ కొర్రలు అరచేతిలో పోసుకుని వాడికి తినిపించేది ఆమే.

జూలై 31
కరెంటు పోయింది. కొవ్వొత్తి వెలిగించనివ్వలేదు. ఫోన్ లైటు వెలుతుర్లో సంగటి. ఆయన సణుగుడు.

ఆగస్టు 1, శుక్రవారం
పూజకు ముందే పంజరం పెరట్లో పెట్టి స్నానానికి పోయా. వచ్చేసరికి పంజరం దేవుని గదిలో, తలుపు మూసి, కళ్లు మండే పొగ. జబ్బు ముదిరింది కాబట్టి రెండింతలు వేసిందట. కుచ్చోడు కొమ్మ మీంచి కింద పడ్డాడు. ఎత్తుకుని బయటికి పరిగెత్తా. చాలాసేపటికి కళ్లు తెరిచాడు.
అత్తా వెంటే వచ్చి కొంగుతో విసురుతోంది. "దిష్టి ఇంకా వదల్లా. వచ్చే శుక్రవారం వరలక్ష్మి వ్రతానికి ఇంకా దట్టంగా వేస్తా."
దేవుడా. వీడు వ్రతం దాటడు. ఏడుపు ఆగడం లేదు.

ఆగస్టు 3, ఆదివారం
గెలిచా! గెలిచా!
వ్రతానికి పిలవడానికి అత్తతో పెనుకొండ, ఆమె పుట్టింటికి. వాళ్లు పెంచే పట్టుపురుగులు మంచి మేత మీదున్నాయట, చూద్దామని షెడ్డు గడప దాటబోయా. అత్త నా రెక్క పట్టి వెనక్కి లాగింది.
"ఆగు! పౌడరు పూసుకోని యాడికి పోతాండావు? వాసన తగిల్తే పురుగులు మేత ముట్టవు, సచ్చిపోతాయి. ఈడ ఊదుబత్తి గూడా ఎలిగించం. చిన్నప్పుడు తలకు సెంటునూనె పెట్టుకోని పోయినానని మా నాయన వీపు వాయగొట్టినాడు!"
నేను మెల్లగా — "అత్తా... మరి కుచ్చోడు?"
అత్త నా రెక్క వదిలేసింది. బస్సులో మా ఊరు హిందూపురం తిరిగొచ్చాం. దిగాక అత్త, "దుడ్లు తెచ్చే పురుక్కు ఇచ్చిన మర్యాద వానికి ఇయ్యకపోతినే" అంది. నవ్వు పెదవి దాకా వచ్చింది, ఆమె మొహం చూసి మింగేశా.

ఆగస్టు 6
కొర్రలు నాలుగు కొరికాడు. తోక ఊగడం తగ్గింది. ఈల లేదు.

ఆగస్టు 8, శుక్రవారం
వ్రతం. ధూపం వీధి గడప బయటే. పంజరం పెరటి గదిలో, కిటికీ తీసి, ఇంటివైపు తలుపు వేసి. గుమ్మంలో అత్త — వచ్చిన ప్రతి పేరంటాల్నీ వాసన చూస్తోంది! "సెంటు కొట్టుకున్నోళ్లు ఆ గదివైపు పోవద్దండమ్మా." రమణి మళ్లీ ఒక డబ్బా కొవ్వొత్తులతో దిగింది. సొంత కూతురికే — "ఈడ కాదు తల్లీ, కారులోనే పెట్టు. మా పిల్లోనికి పడదు." రమణి నా వైపు చూసింది. నేను తాంబూలాలు సర్దుతున్నా, ఎంత బుద్ధిగానో.
ఇన్నేళ్ల కాపురంలో ఇంత పెద్ద గెలుపు లేదు.

ఆగస్టు 9, శనివారం
ఇంట్లో బొరుగుల ఉగ్గాణి పోపు వాసన, అంతే. పొద్దున పూజగంట మోగింది. కుచ్చోని కుచ్చు లేచింది! గొంతు కదిలింది... ఈల రాలేదు. అత్త గంట పట్టుకునే పంజరం దగ్గరికి వచ్చింది. వంగి వాణ్ణి చూసింది. తర్వాత నా వైపు తిరిగి, ఎప్పుడూ నన్ను ఏదీ అడగని మనిషి —
"ఇంగోసారి కొట్టల్నా?"
"కొట్టు, అత్తా" అన్నా.