ఎడమ చెయ్యి వదలని దెబ్బ

రుద్రూర్,
శనివారం.

అవ్వకు,

నీ చిన్న కొడుకు లింబయ్య కాళ్లు మొక్కి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ మేము వేళకు తింటున్నాం, వేళకు పోట్లాడుకుంటున్నాం, కాబట్టి అందరం క్షేమమే అనుకో. నీ కోడలు సుకన్యకు మోకాలి నొప్పి తగ్గింది. నోటికి మొదటి నుంచీ ఏ నొప్పీ లేదు. బాల్కొండలో నువ్వూ, వసంతక్కా, బావా బాగున్నారని తలుస్తాను. నీకు ఫోన్‌లో మాట వినబడదు. నేను గొంతు పెంచితే "ఎందుకురా తిడుతున్నవ్" అని పోయినసారి ఏడ్చావు. అందుకే ఈ కాగితం తిప్పలు. అక్కా, చదివి వినిపించేది నువ్వే కాబట్టి ముందే చెబుతున్నాను, ఉన్నది ఉన్నట్టు చదువు. మధ్యలో నీ సొంత పురాణం కలపకు.

నువ్వు రాయించిన ప్రశ్నలకు జవాబులు ఇవి. చెరుకు కొట్టడం అయిపోయింది, మోళ్లకు పిలకలు వస్తున్నాయి. పసుపు ఇంకా కళ్లంలో ఎండుతోంది. నువ్వు పంపిన సకినాలు అందాయి. సగం నేనే తిని, ఎలుకలు తిన్నాయని సుకన్యకు చెప్పాను. ఆమె నమ్మి డబ్బా చుట్టూ ఎలుకల మందు పెట్టింది. ఇప్పుడు ఆ మిగతా సగం ఎవరమూ తినలేకుండా ఉన్నాం.

"యాభై ఏండ్లకొచ్చినోనివి, కట్టె వట్టుకొని బంతి కొడుతున్నవట, పిచ్చి లేసిందా" అని అడిగావు. లేవలేదు. ఆ ఆటను గోల్ఫ్ అంటారు. చిన్న తెల్ల బంతిని నేల మీద పెట్టి, కొన వంగిన ఇనుప కర్రతో కొడితే అది గాలిలోకి లేచి చాలా దూరంలో పడాలి. చెప్పడానికి, చిన్నప్పుడు కర్రతో పుల్లను ఎగరగొట్టిన చిర్రగోనె కన్నా సులువు. పదో తరగతి గోడ దాటలేనివాడికి అది అబ్బడం మాత్రం కష్టమే.

"సంజన ఇంటికొచ్చిందా" అని నా బిడ్డ గురించి అడిగిందే నీ అసలు ప్రశ్న. రాలేదు. ఎందుకు పోయిందో అక్క నీకు సగమే చెప్పి ఉంటుంది. మిగతా సగం నా నోటితోనే విను.

సంజన హైదరాబాద్‌లో గోల్ఫ్ నేర్చుకుని, అక్కడే కొన్నాళ్లు చిన్నపిల్లలకు నేర్పి, మన దగ్గర నేర్పుతానని తిరిగి వచ్చింది కదా. కాలువ కింద భూములున్న రాజేంద్రప్రసాద్ గారికి ఆ ఆట మీద మోజు. బోధన్ రోడ్డు పక్కన చెరుకు వేసే చేనును చదును చేయించి, గడ్డి పెంచి, "నేర్పమ్మా" అని మన పిల్లకు అప్పజెప్పాడు. మొదలుపెట్టే రోజు పెద్దమనుషులను పిలిచారు. బోధన్‌లో బడి నడిపే ఝాన్సీ మేడం కూడా వచ్చింది. తన బడి పిల్లలను పంపాలా వద్దా అని చూడటానికి. మొదటి బంతి సంజన కొట్టాలి.

ఆ బంతి నేను చేశాను అవ్వా. మన ఇంట్లో మిగిలిన పోయినేటి పసుపును పొడి చేయించి, గంజి కలిపి ముద్ద కట్టి, ఎండబెట్టి, పైన సున్నం పూశాను. అసలు బంతి తీసి దాన్ని పెట్టాను. శుభమూ అవుతుంది, నవ్వూ వస్తుంది అనుకున్నాను. సంజన కొట్టింది. భళ్లున పగిలి పసుపంతా లేచింది. పిల్ల తెల్లబట్టలు, రాజేంద్రప్రసాద్ గారి మీసాలు, ఝాన్సీ మేడం పట్టుచీర, అన్నీ పెళ్లికొడుకును చేసినట్టు అయిపోయాయి. జనం కడుపు పట్టుకుని నవ్వారు. ఆ నవ్వులో ఎరువుల దుకాణం కృష్ణ అన్న మాట గట్టిగా వినిపించింది.

"లింబయ్య బిడ్డ గదనే. తండ్రి అంగట్ల వేషాలేసి నవ్విస్తడు, బిడ్డ గీడ నవ్విస్తది."

ఝాన్సీ మేడం చీర దులుపుకుని, "ఇది సర్కస్ అని ముందే చెబితే పిల్లలను తీసుకొచ్చేదాన్ని" అని కారెక్కింది.

సంజన ఆ రోజు ఇంట్లో ఏడవలేదు. బట్టలు సర్దుకుంటూ ఒక్క మాట అంది.

"ఊరంత నవ్వాలనుకున్నవ్, నవ్వింది. గానీ ఎవల్ని జూసి నవ్విన్రో సూసినవా బాపూ?"

అప్పటి నుంచి నిజామాబాద్‌లో గది తీసుకుని ఉంటోంది. రోజూ బస్సులో వచ్చి పాఠాలు చెప్పి, బస్సులో పోతుంది. తల్లితో ఫోన్‌లో మాట్లాడుతుంది. నా గొంతు వింటే పెట్టేస్తుంది. నేను గేటు దగ్గర నిలబడితే, విద్యుత్ స్తంభాన్ని దాటినట్టు దాటి పోతుంది.

మాట్లాడించడానికి ఒకటే దారి కనిపించింది. నేర్చుకునేవాళ్లతో మాట్లాడక తప్పదు కదా. రాజేంద్రప్రసాద్ గారి దగ్గర పేరు రాయించుకున్నాను. "నీకెందుకయ్యా ఇది" అన్నాడు. "నడుము పట్టేస్తుంది సార్, ఆడితే వదుల్తదట" అన్నాను. మొదటి రోజు అందరితోపాటు వరసలో నిలబడ్డాను. సంజన నన్ను కింది నుంచి మీదికి చూసింది.

"పేరు?"

నా బిడ్డ నన్ను పేరు అడిగింది అవ్వా.

"లింబయ్య."

"ఇంతకుముందు ఏమన్న ఆడిన్రా సార్?"

"చిర్రగోనె ఆడిన మేడం. మా అవ్వ బిందె పగలగొట్టిన."

పక్కన కృష్ణ నవ్వాడు. వాడూ అక్కడే నేర్చుకుంటున్నాడు, పొట్ట తగ్గించుకోవడానికి. సంజన నవ్వలేదు. "కాళ్లు ఎడంగ పెట్టుండ్రి సార్" అంది. "సార్" అనే మాటకు అంత పదును ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.

ఆట నాకు రాలేదు. అది నటన కాదు, నిజంగానే రాలేదు. కొడితే బంతి అక్కడే ఉండేది, మట్టిపెళ్ల పోయి ముందు పడేది. ఒక్కోసారి బంతి అడ్డంగా పోయి కృష్ణ పిక్కలకు తగిలేది. అందులో కొంత సంతోషం ఉంది, కాదనను. అందరి ఆటనూ ఒకటి రెండు రోజుల్లో పట్టేసే సంజనకు నా తప్పు మాత్రం పట్టుబడలేదు. ఫోన్‌లో వీడియో తీసి మళ్లీ మళ్లీ చూసేది. చివరికి ఒకరోజు రోడ్డు అవతల కూలీలు చెరుకు కొడుతుంటే వాళ్లను చూసింది, నన్ను చూసింది.

"సార్, మీరు చెరుకు కొడుతున్నరు."

నిజమే. చెరుకు కొట్టేటప్పుడు ఎడమ చేత్తో గడను పట్టుకుంటాం, కుడి చేత్తో మొదలు మీద కత్తి వేస్తాం, తెగగానే ఎడమ చెయ్యి గడను పక్కకు విసిరేస్తుంది. పదిహేనేళ్ల వయసు నుంచి ఈ ఎడమ చెయ్యి నేర్చుకున్న పని అది. ఇక్కడ కూడా కర్ర బంతికి తగిలే ముందే ఎడమ చెయ్యి కర్రను వదిలేసి, లేని గడను పక్కకు విసురుతోంది. కర్ర నేలలో దిగి ఆగిపోతోంది.

"కత్తి మొదట్ల ఆగాలె. కర్ర ఆగొద్దు," అంది సంజన. "బంతిని నరుకుతలేరు మీరు. కర్ర పోయే తొవ్వల బంతి ఉన్నది, గంతే."

నా కుడి చిటికెన వేలును ఎడమ చూపుడు వేలుతో మెలివేసి, రెండు చేతులను ఒకటిగా పట్టించింది. అట్లా పట్టిస్తున్నప్పుడు నా బిడ్డ చేతులు నా చేతుల మీద ఉన్నాయి. ఎడమ చంకలో తువ్వాల పెట్టి, కొట్టినా అది జారకూడదంది. చంకలో తువ్వాల పెట్టుకుని ఊగుతుంటే కృష్ణ "ఏమన్నా, కోడిపిల్లను దాసినవా" అన్నాడు. "దాసిన, నీ దుకాణం గింజలు తిని సచ్చింది" అన్నాను. సంజన మొహం పక్కకు తిప్పుకుంది. నవ్విందో లేదో తెలియలేదు. దాని కోసమే మరుసటి రోజు మళ్లీ పోయాను.

అక్కా, ఇక్కడ ఆగి నీళ్లు తాగు. ఇది సుకన్యకు కూడా ఇంకా చెప్పని మాట.

ఆట నాకు వచ్చేసింది అవ్వా. మన చెరుకు కొట్టుడు మొదలైన రోజుల్లోనే వచ్చింది. రోజూ తెల్లారగట్ల, చెరుకు కొట్టేసిన మన మడిలో, రాజేంద్రప్రసాద్ గారిని అడిగి తెచ్చుకున్న కర్రతో ఒక్కడినే నిలబడి బంతులు కొట్టేవాణ్ని. ఒకరోజు చెయ్యి వదలలేదు. బంతి తీగ లాగినట్టు పోయి కాలువ గట్టు దాకా పడింది. ఇంకోటి కొట్టాను, అదీ అంతే. ఎగిరి గంతేశాను. గంతేసిన కాళ్లు నేలకు ఆనేలోపే భయం పట్టుకుంది. తప్పు దిద్దుకుంటే పాఠం అయిపోతుంది. పాఠం అయిపోతే ఆ "సార్" కూడా నాకు ఉండదు.

కాబట్టి సంజన ముందు కావాలని ఎడమ చెయ్యి వదిలాను. రోజూ. మన మడిలో సరిగ్గా కొట్టి, అక్కడ మట్టి తవ్వాను. పిల్ల విసుక్కోకుండా మళ్లీ వేళ్లు మెలివేసి పట్టించేది. నేను మళ్లీ వదిలేవాణ్ని. ఎవరికీ నష్టం లేని వేషం అనుకున్నాను. నేను వేసిన ప్రతి వేషమూ నాకు మొదట అట్లాగే కనిపిస్తుంది.

మొన్న రాజేంద్రప్రసాద్ గారు కాలువ దగ్గర నన్ను ఆపాడు.

"లింబయ్యా, మీ అమ్మాయి మానేస్తానంటోందయ్యా. నేను ఝాన్సీ గారిని బతిమాలి ఆదివారం మళ్లీ రమ్మన్నాను. ఈ పిల్లేమో వద్దంటోంది."

"ఎందుకట సార్?"

"ఇన్నాళ్లు తిప్పలు పడ్డా ఒక్క మనిషి చెయ్యి సరిచేయలేకపోయాను, పిల్లలకేం నేర్పుతాను అంటోంది. ఆ ఒక్క మనిషివి నువ్వే కదా. నిన్ను చూసే దాని ధైర్యం పోయింది."

కాలువలోకి తోసినా అంత చల్లబడేవాణ్ని కాదు.

ఈ రోజు పొద్దున అందరూ పోయేదాకా ఆగి సంజన ముందు నిలబడ్డాను. మాటలతో చెబితే అందులో కూడా ఏదో ఒక వంకర దూరుతుంది. అందుకే మాట్లాడకుండా బంతి పెట్టి కొట్టాను. చక్కగా పోయింది. సంజన మొహం వెలిగింది. తన పాఠమే పనిచేసిందనుకుంది పాపం. ఇంకోటి కొట్టాను. ఇంకోటి. మూడోదానికి ఆ వెలుగు ఆరిపోయింది.

"ఎప్పటిసంది వస్తున్నది?"

"చెరుకు కొట్టుడు షురువైనప్పటిసంది."

చేతిలోని బంతుల బుట్టను కింద పెట్టింది. తరువాత అనడం మొదలుపెడితే ఆగలేదు.

"నాకు చెప్పుడు రాదేమో అని హైదరాబాద్‌ల మా సార్‌కు ఫోన్ జేసి ఏడ్చిన. పుస్తకాలు దెచ్చి సదివిన. నువ్వేమో గీడ నాటకమాడుతున్నవ్."

"పాఠం అయిపోతే నువ్వు మాట్లాడవని బిడ్డా."

"గందుకని నన్ను చేతగానిదాన్ని జేస్తవా? గప్పుడు ఊరి ముందట జేసినవ్. గిప్పుడు నా ముందటనే జేసినవ్."

"తప్పయింది" అన్నాను. ఇంకేమీ కలపలేదు.

కర్ర నా చేతిలో నుంచి లాక్కుంది. మళ్లీ నా చేతిలోనే పెట్టింది.

"రేపు ఝాన్సీ మేడం వస్తది. నేను మానేస్తలేను. మొదటి బంతి నువ్వు కొట్టాలె, అందరి ముందట."

"తప్పితే?"

"తప్పితే తప్పనీ. నేర్చుకునేటోడు తప్పుతడు. నవ్వియ్యనీకి తప్పితే మాత్రం, గీ గ్రౌండ్ గేటు నీకు మళ్ల తెరువ."

అంతే. ఇంటికి వస్తానని అనలేదు. నేను అడగలేదు. అడిగే హక్కు రేపటి దాకా నాకు లేదు. ఇన్నేళ్లలో ఎన్ని వేషాలు వేసినా జనం ముందు ఎప్పుడూ జంకలేదు. తప్పిపోతే ఎట్లా అనే భయం నాకు కొత్త. సుకన్యకు కూడా ఇప్పుడే పోయి అంతా చెబుతాను. ఎలుకల మందు ఎక్కడ దాచిందో మాత్రం ముందు చూసుకుంటాను.

"నేనొచ్చి పిల్లకు నచ్చజెప్పి ఇంటికి తోల్కొస్త" అని చివర రాయించావు కదా. రావద్దు అవ్వా. నువ్వొస్తే నీ ముసలి మొహం చూసి అది వస్తుంది. నా కోసం రాదు. అట్లా వచ్చిన పిల్ల ఒక పూట తిని, నా వైపు చూడకుండా మళ్లీ బస్సెక్కుతుంది. నాకు ఆ రావడం వద్దు. రేపు కొడతాను. రేపు బంతి చక్కగా పోయినా పోకపోయినా, బడి పిల్లలు వచ్చినా రాకపోయినా, ఎల్లుండి కూడా పోయి ఆ గ్రౌండ్‌లో పడ్డ బంతులు ఏరి బుట్టలో పోస్తాను. ఒక్క వేషం వేయకుండా ఎన్ని రోజులు ఉండగలనో నాకూ తెలియదు, కానీ సంజన తానే బస్సు దిగి మన వాకిట్లోకి నడిచి వచ్చేదాకా ఉంటాను.

అక్కా, ఇక్కడ ఏడవకు, నువ్వు ఏడిస్తే అవ్వకు అక్షరాలు వినబడవు.

ఇట్లు,
నిన్ను నవ్వించీ ఏడిపించీ పెద్దవాడైన నీ చిన్నోడు,
లింబయ్య