పెట్టె మూతలో గీకేసిన పేరు

నిషినో గారికి,

మీ మ్యూజియానికి చేరిన కొంగల చిత్రపటం ఎవరెవరి చేతులు మారిందో పుస్తకంలో రాస్తున్నారట. దాన్ని చుట్టి దాచే చెక్కపెట్టె మూత లోపల మూడో పేరు ఎవరు గీకి చెరిపేశారని అడిగారు.

గీకింది మా అమ్మ. పటం ఎవరి సొంతమైతే వాళ్ళు అక్కడ పేరు రాసుకునేవారు. పై రెండు పేర్లు తాతయ్యదీ, నాన్నదీ. మూడోది మా అన్నయ్య షిగెనోబుది. నాన్న పోయాక ఇంటికి పెద్ద తనే కాబట్టి, యుద్ధానికి బయలుదేరే రోజు పొద్దున్నే సిరాతో రాసి వెళ్ళాడు.

అన్నయ్య పోయాడని కబురొచ్చింది. మన దేశం యుద్ధంలో ఓడిపోయిన ఆ ఏడాదే తిండికి లేక ఆ పటాన్ని ఒక రైతుకిచ్చి బియ్యం తెచ్చుకున్నాం. "పోయినవాడి పేరు మా ఇంట్లో వద్దమ్మా, గీకేసి ఇవ్వు" అన్నాడాయన. అమ్మ అక్కడే కూర్చుని గీకేసింది. రాలిన చెక్కపొట్టునంతా చేతిరుమాల్లో పట్టుకుంది.

"అదెందుకమ్మా?" అన్నాను దారిలో.

"వాడి చేతిరాతే" అంది.

అన్నయ్య పేరిట సైన్యం పంపిన అస్థికల పెట్టెలో అస్థికలు లేవు. ఆ పొట్టు అందులో పోసి సమాధి చేశాం.

అన్నయ్య పేరు మీ పుస్తకంలో రాసుకోండి. మూత మీద మాత్రం మళ్ళీ రాయించకండి. మేం ఏటా సమాధి దగ్గర పూలు పెడుతున్నది ఆ పేరుకే.

ఇట్లు,
షిగెనోబు చెల్లెలు