కొత్త సబ్బుకు తొలి స్నానం

తమ్ముడు మంగల్‌కు అక్క దీవెనలు.

దీపావళి దగ్గరపడినా, మేం తొలిసారి చేసిన ఇప్పనూనె సబ్బులు కొంటా ఊళ్లో ఉన్న నీ దుకాణానికి చేరలేదని కోప్పడకు. మా అత్త ఆపింది. "ఈ యేటి గింజల నూనె గదా, ఇదీ కొత్త పంటే! దేవుడికి పెట్టకుండ అమ్ముతరా ఏంది?" అంది. ఎవరినీ వాటితో చెయ్యి కూడా కడుక్కోనివ్వలేదు. అసలు నురగ వస్తుందో రాదోనని నాకు ఒకటే దడ!

ఈరోజు కొత్తల పండుగ. దేవుడి రాయిని అత్తే సబ్బుతో రుద్దింది. మోచేతుల దాకా తెల్లటి నురగ, తమ్ముడూ! పిల్లలు గంతులేశారు. అత్త బుట్టలోంచి ఇంకో రెండు తీసి, "ఒకటి దేవుడికి, ఒకటి నాకు" అంటూ కొంగున ముడేసుకుంది.

మిగిలినవన్నీ రేపటి బస్సులో వస్తున్నాయి, స్టాండుకు రా. నురగ వస్తుందా అని ఎవరైనా అడిగితే, ముందు మా దేవుడే స్నానం చేశాడని చెప్పు.

మీ అక్క