చెరువు ఒడ్డున నీ కాగితపు కొంగలు

లక్ష్మీ, నా బంగారు తల్లీ,

ఈ రోజు నీ సంవత్సరీకం, అయినా సంతోషం పట్టలేక రాస్తున్నాను. ఫ్యాక్టరీ విషపు నీళ్లు కలవడంతో మన చెరువుకు కొంగలు రావడం మానేశాక, నువ్వు కాగితంతో కొంగలు చేశావు కదా! పటాన్‌చెరు ఫోటో స్టూడియో ఖాదర్ ఇవాళ వాటిని ఒడ్డున గడ్డిలో నిలబెట్టి ఫోటోలు తీశాడు. ఎంత ముద్దుగా ఉన్నాయో తల్లీ!

అంతలో బర్రెలతో వచ్చిన మీ మేనమామ మల్లేశం, "బావా, కొంగలొచ్చినయ్! నీళ్లు మంచిగైనయ్!" అని కేకేసి, బర్రెలను నీళ్లకు వదలబోయాడు. నేను అడ్డం ఉరికి, "ఆగురా, గవి మన బిడ్డ చేసినయ్" అన్నాను.

"నిజం కొంగలే అనుకుంటి గద బావా" అంటూ బర్రెలను మళ్లించాడు.

నిజమైనవే అనుకున్నాడు తల్లీ! ఆ మాట నీకు చెప్పాలని ఇంటికి పరుగున వచ్చాను. వాకిట్లో నిలబడి నీ పేరు పెట్టి పిలిచాను కూడా.

నాన్న